పాత పాటలు, సొంత పాటలు కలిసిన జాజ్ ఆల్బమ్‌ను ఎలా వినాలి?

జాజ్ గాయనుల ఆల్బమ్‌లలో తరచూ రెండు రకాల పాటలు పక్కపక్కనే ఉంటాయి. కొన్ని కొత్తగా రాసుకున్నవి. మిగతావి ఎప్పుడో ఎవరో రాస్తే, ఎందరో పాడి, ఇప్పటికీ పాడుతూనే ఉన్నవి. వీటిని స్టాండర్డ్స్ అంటారు. వీటి దగ్గరే మనకు ఒక అలవాటు అడ్డొస్తుంది. టీవీ పోటీలో ఎవరైనా ఘంటసాల పాటో, సుశీల పాటో ఎత్తుకుంటే, అచ్చం అలాగే పాడారా లేదా అని చూస్తాం. చిన్న సంగతి జారినా పట్టేస్తాం. జాజ్‌లో లెక్క వేరు. అచ్చం అలాగే పాడితే, ఇక నువ్వెందుకు పాడినట్టు అని అడుగుతారు. కాబట్టి చెవికి కొంచెం కొత్త అలవాటు చేయాలి.

దీనికి నోరా జోన్స్ మొదటి ఆల్బమ్ ‘కమ్ అవే విత్ మీ’ బాగా పనికొస్తుంది. 2002లో బ్లూ నోట్ సంస్థ విడుదల చేసింది, మరుసటి ఏడాది ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ అందుకుంది. ఆమె పండిట్ రవిశంకర్ కూతురని చాలామందికి తెలుసు. అయితే ఇందులో సితార్ కోసం వెతక్కండి. ఆమె టెక్సాస్‌లో పెరిగింది, కాలేజీలో జాజ్ పియానో నేర్చుకుంది. ఈ పాటల్లో వినిపించేది ఆ చదువు, ఆ నేల.

1. ముందు ఒకసారి వరసగా వినండి

మొత్తం 14 పాటలు, సుమారు 45 నిమిషాలు. షఫుల్ ఆపేయండి. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, ఎందుకంటే ఫోన్ స్పీకర్‌లో డబుల్ బేస్ (లోతైన స్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) దాదాపు వినపడదు. ఈ ఆల్బమ్‌లో సగం నడక దానిదే. ఇంగ్లిష్ మాటలు అందకపోతే టెన్షన్ పడకండి, మొదటిసారి గొంతు చాలు.

2. ఏ పాట ఎవరిదో చూడండి

యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ కనిపిస్తాయి. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. 3, 7, 14 పాటలు పాతవని తేలుతుంది. అంటే మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మిగతావన్నీ కొత్తవే గానీ, అన్నీ ఆమె ఒక్కతే రాసినవి కావు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట ఆమెది. అందరికీ తెలిసిన మొదటి పాట ‘డోంట్ నో వై’ గిటారిస్టు జెస్సీ హ్యారిస్‌ది. బేస్ వాయించిన లీ అలెగ్జాండర్ కూడా రాశాడు. వాయించేవాళ్లే రాసేవాళ్లు కావడం వల్ల ఆ పాటలు ఆమె గొంతుకు అంత బాగా అమిరాయని నాకనిపిస్తుంది.

3. ఒక పాత పాటను ముగ్గురి గొంతుల్లో వినండి

మూడో పాట ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’ తీసుకోండి. అసలు పాట హ్యాంక్ విలియమ్స్‌ది, 1951 నాటిది, పక్కా కంట్రీ, అంటే అమెరికా పల్లెల పాటల బాణీ. అదే ఏడాది టోనీ బెన్నెట్ దాన్ని ఆర్కెస్ట్రా పెట్టి పాడి పెద్ద హిట్ చేశాడు. ఈ రెండూ విన్నాక నోరా దగ్గరకు రండి. ఇప్పుడు కాలితో తాళం వేస్తూ, ఒక్కో మాట మీ కాలు నేలకు తగిలినప్పుడే పడుతోందా, ఆ తర్వాత పడుతోందా అని చూడండి. విలియమ్స్ గొంతు తాళాన్ని పట్టుకుని నడుస్తుంది. నోరా మాటను కొంచెం ఆపి, తాళం దాటాక వదులుతుంది. మాటలు అవే, వరస అదే, అయినా నిష్ఠూరం కాస్తా ఓపికగా మారిపోతుంది. స్టాండర్డ్ పాడేటప్పుడు గాయని సొంత పని అంటే ఇదే. ఇది చెవికి దొరికే వరకు నాలుగో అంచెకు వెళ్లకండి.

ఏడో పాట ‘టర్న్ మీ ఆన్’ను 1967లో నీనా సిమోన్ పాడింది. తీరిక దొరికితే అదీ విని పోల్చుకోండి.

4. పాట కట్టుబడిని లెక్కపెట్టండి

ఆఖరి పాట ‘ది నియర్‌నెస్ ఆఫ్ యు’లో ఆమె గొంతు, ఆమె పియానో తప్ప ఏమీ లేవు కాబట్టి లెక్క తేలిక. హోగీ కార్మైకేల్ స్వరం, నెడ్ వాషింగ్టన్ సాహిత్యం, 1930ల చివరి నాటి పాట. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఎనిమిదిసార్లు లెక్కపెడితే ఒక భాగం అవుతుంది. అదే వరస మళ్లీ వస్తుంది. మూడో భాగంలో వరస మారుతుంది. నాలుగోది మళ్లీ మొదటి వరసే. ఒకటి నుంచి నాలుగు దాకా ఒకసారి లెక్కపెడితే ఒక బార్. ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 32 బార్లు. పాత అమెరికన్ పాటలు ఎన్నో ఈ కొలతలోనే ఉంటాయి. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి 1956లో పాడిన ఇదే పాటలో కూడా లెక్కపెట్టి చూడండి.

వెంటనే మొదటి పాటకు వెళ్లండి. అక్కడా ఒక వరస రెండుసార్లు, తర్వాత వేరే వరస, మళ్లీ మొదటిదే. అరవై ఏళ్ల తర్వాత రాసిన పాట కూడా అదే పద్ధతిలో నడుస్తోంది. పాతవీ కొత్తవీ ఒకే ఇంటివాళ్లలా అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

5. ఇప్పుడు ఇంకొంచెం గట్టి ఆల్బమ్‌కు వెళ్లండి

నోరా పాడింది జాజ్ కాదనేవాళ్లున్నారు. వాద్యాల మీద పొడవాటి సోలోలు ఇందులో లేవన్నది నిజమే. ఆ లోటు తీరాలంటే జాజ్ గాయని సెసిల్ మెక్‌లోరిన్ సాల్వంట్ 2015లో చేసిన ‘ఫర్ వన్ టు లవ్’ వినండి. 12 పాటల్లో ఐదు ఆమె సొంతం. ఆరన్ డీల్ పియానో ఆమెతో పోటాపోటీగా మాట్లాడుతుంది.

అందులో ‘వైవ్స్ అండ్ లవర్స్’ 1963 నాటి పాట. భర్త ఇంటికొచ్చే వేళకు భార్య తల దువ్వుకుని, సింగారించుకుని ఉండాలని, లేకపోతే ఆఫీసులో అమ్మాయిలున్నారని చెబుతుంది. దీనికి ముందూ వెనకా తనను పట్టించుకోని మనిషిని ప్రేమించే ఆడదాని గురించి సాల్వంట్ రాసుకున్న పాటలున్నాయి. ఆ మూడింటినీ మధ్యలో ఆపకుండా వినండి. తర్వాత ఆ పాత పాట ఒక్కటే మళ్లీ వినండి, ఈసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని.