స్పెక్ట్రమ్‌లో బొమ్మ ఉంది, రంగు లేదు

మా హన్మకొండ ఇంట్లో మామయ్య ఇచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ఉంది, టీవీకి తగిలించి వాడే పాత హోమ్ కంప్యూటర్, 1982లో బ్రిటన్‌లో వచ్చిన మోడల్. పోయిన ఎండాకాలం దాంట్లో రంగు పోయింది. అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి, తెరంతా బూడిద రంగు.

ఇట్లాంటప్పుడు వెంటనే డబ్బా విప్పకండి. బీ నొక్కితే బోర్డర్ అని పడుతుంది, పక్కన 2 కొట్టి ఎంటర్ నొక్కండి. అంచు ఎర్రగా మారాలి. మారకపోతే టీవీ మెనూలో కలర్ సిస్టమ్ పాల్ (PAL, ఈ మెషిన్ రంగు పంపే పద్ధతి) అని పెట్టి చూడండి. ఇంకో టీవీకీ తగిలించండి.

అప్పటికీ రాకపోతే బోర్డు చూడాల్సిందే. రెండు క్రిస్టల్స్ (ఫ్రీక్వెన్సీని స్థిరంగా ఉంచే చిన్న భాగాలు) కనిపిస్తాయి. 4.43 మెగాహెర్ట్జ్‌ది రంగు కోసం. దాని ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ అయినా టీవీ రంగును వదిలేసి నలుపు తెలుపు చూపిస్తుంది. పాత బోర్డుల్లో దాని పక్కనే చిన్న ట్రిమ్మర్ ఉంటుంది, దాన్ని తిప్పి ఆ ఫ్రీక్వెన్సీని సరిచేయొచ్చు. మెషిన్‌ను పావుగంట వేడెక్కనిచ్చి, ట్రిమ్మర్ ఇప్పుడున్న చోటు పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడండి. ఇనుపది దగ్గరికి తెస్తేనే ఫ్రీక్వెన్సీ మారిపోతుంది, నాకు గంటసేపు అందుకే కుదరలేదు. ప్లాస్టిక్‌ది తెచ్చి వెంట్రుక వాసి తిప్పగానే అంచు మీద ఎరుపు మెరిసి ఆరిపోయింది. ఇంకొంచెం తిప్పితే నిలబడింది. ఎంత సంతోషమయిందో!

ట్రిమ్మర్‌తో పని కాకపోతే, రంగు సిగ్నల్ తయారుచేసే ఎల్ఎం1889 చిప్‌కు 12 వోల్టులు అందుతున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడండి. తక్కువగా ఉంటే ముందు పవర్ భాగం బాగుచేయించాలి, చిప్ మార్చి లాభం లేదు.