గన్‌ప్లా పాఠం – 3: తెల్ల మచ్చ పడకుండా గేట్ కోయడం

గన్‌ప్లా అంటే గండమ్ అనే జపాన్ యానిమేషన్‌లోని రోబోల ప్లాస్టిక్ కిట్లు, ముక్కలు కోసి మనమే జోడించుకోవాలి. ఈసారి మన రోబోకి కాళ్లు జోడించాలి. కానీ ఛాతీ, చేతులు పూర్తిచేసి మీరు పంపిన ఫోటోలు చూశాక కాళ్లను తర్వాతి పాఠానికి జరుపుతున్నాను. మనం చేస్తున్న గండమ్ రోబో ఆర్‌ఎక్స్-78-2కి ఛాతీ నీలం, నడుము ఎరుపు. చాలామంది ఫోటోల్లో ఆ రెండు చోట్లా తెల్లటి మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. పాదాలు కూడా ఎరుపే. ఇదే చేత్తో ముందుకెళ్తే అవీ పాడవుతాయి.

ముందు ఇంకో సంగతి. కొందరు ముక్కలన్నీ ఒకేసారి కోసి డబ్బాలో పోసుకున్నారు. నంబర్ రన్నర్ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద ఉంటుంది కానీ ముక్క మీద ఉండదు. ఖాళీ రన్నర్లు పారేయకపోతే, మాన్యువల్‌లోని రన్నర్ బొమ్మల పేజీ పక్కన పెట్టుకుని ఒక్కో ముక్క ఎక్కడిదో పోల్చుకోండి. ఇకమీదట ఆ స్టెప్పుకి కావలసినవే కోయండి.

ఇప్పుడు మచ్చ సంగతి. ముక్కని రన్నర్‌కి కలిపే సన్నటి కాడే గేట్. నిప్పర్‌ని (ప్లాస్టిక్ కోసే చిన్న కటింగ్ ప్లయర్‌ని) గేట్‌లోకి నొక్కినప్పుడు దాని బ్లేడ్ మందం ప్లాస్టిక్‌ని రెండు పక్కలకీ నెడుతుంది. ఒక పక్క రన్నర్ గట్టిగా బిగిసి ఉంటుంది, అది జరగదు. ఆ ఒత్తిడంతా ముక్క మీదే పడి, గేట్ మొదట్లో ప్లాస్టిక్ సాగుతుంది. సాగినచోట లోపల కంటికి కనిపించనంత సన్నటి ఖాళీలు ఏర్పడతాయి. వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది కాబట్టి మనకు తెల్లగా కనిపిస్తుంది. అంటే ఆ మచ్చ రంగు పోవడం వల్ల వచ్చింది కాదు, ప్లాస్టిక్‌కి తగిలిన దెబ్బ. తెల్ల కవచం ముక్కల మీద కూడా అదే దెబ్బ పడుతుంది, తెలుపులో తెలుపు కనిపించదంతే. కాబట్టి ‘చేతులు బాగానే వచ్చాయి, ఛాతీ ఒక్కటే పాడైంది’ అనుకోకండి. రెండింటినీ కోసిన పద్ధతి ఒక్కటే.

ఇందుకే నిప్పర్‌ని ముక్కకి ఆనించి ఒకే కోత కోయడం అంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండు కోతలు వేయాలి, ఎప్పుడైనా సరే. మామిడికాయని ముచ్చిక ఉంచి కోసినట్టు, మొదటి కోత ముక్కకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో పడాలి. ముక్కకి ఉన్న గేట్లన్నీ ఇలా కోసి దాన్ని పూర్తిగా విడిపించండి. ఇప్పుడు రెండో కోత వేస్తే మిగిలిన కాడ పక్కకి జరగగలదు, ఒత్తిడి ముక్క మీదకి రాదు. నిప్పర్ చదునైన వైపు ముక్క వైపు ఉండాలి. అప్పుడు కూడా అర మిల్లీమీటర్ వదిలేయండి. ఆ కాస్తనీ కత్తితో పల్చటి పొరలుగా చెక్కి, 600, 800, 1000 నంబర్ సాండ్‌పేపర్లతో వరసగా రుద్దండి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడిగితే ఇస్తారు. నేనైతే కత్తి జోలికి పోకుండా గ్లాస్ ఫైల్ (గాజు ఆకురాయి) తోనే పని కానిస్తాను. కొత్త చేతికి కూడా అదే మంచిది.

గోళ్లు కత్తిరించే నెయిల్ కట్టర్ వాడినవాళ్లు దాన్ని పక్కన పెట్టేయండి. రెండు వైపుల నుంచీ నలిపేస్తుంది. అలాగని ఒకవైపే పదునుండే ఖరీదైన సింగిల్ బ్లేడ్ నిప్పర్ ఇప్పుడే కొనక్కర్లేదు. దాంతో లావు రన్నర్‌ని కోస్తే అంచు పెచ్చు లేస్తుంది.

బీమ్ సేబర్ (రోబో పట్టుకునే వెలుగు కత్తి) లాంటి పారదర్శక ముక్కలు మచ్చ పడటంతో ఆగవు, పగులుతాయి కూడా. వాటికి మూడు కోతలు వేసినా తప్పులేదు. తల మీది వి-ఫిన్ (V ఆకారపు కొమ్ము) కొసన చిన్న బొడిపె ఉంటే అది గేట్ కాదు, పిల్లలకు గుచ్చుకోకుండా పెట్టినది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అలాగే ఉంచండి.

1980 జులైలో 300 యెన్లకి వచ్చిన మొట్టమొదటి 1/144 (అసలు రోబోలో 144వ వంతు సైజు) గండమ్ కిట్‌ని జిగురుతో అతికించి రంగులు వేసుకోవాల్సి వచ్చేది. మచ్చలు ఆ రంగు కింద పోయేవి. మన కిట్‌కి ప్లాస్టిక్ రంగే పైకి కనిపించే రంగు. అందుకే గేట్ దగ్గర ఇంత పట్టింపు.

ఇప్పటికే పడ్డ మచ్చని గోటితో గట్టిగా రుద్దండి, లేతదైతే చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే సాండ్‌పేపర్ పట్టండి. రుద్దినచోట మెరుపు పోతుంది. చివర్లో మ్యాట్ క్లియర్ కోటు (మెరుపులేని పారదర్శక పూత) కొడితే అంతా ఒకేలా కనిపిస్తుంది. నా లెక్కలో ఆ కోటు లేకుండా ఏ కిట్టూ పూర్తయినట్టు కాదు.

అభ్యాసం: ఖాళీ అయిన ఎర్ర రన్నర్ తీసుకోండి. ముక్కలు కోసిన చోటల్లా గేట్ మొదళ్లు మిగిలి ఉంటాయి. వాటన్నింటినీ, ఒక్కటీ వదలకుండా, రన్నర్ కాడతో సమానమయ్యేదాకా చెక్కి రుద్దండి. తర్వాత కళ్లు మూసుకుని గోటిని దాని మీద నడపండి. ఎక్కడా తగలకూడదు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే ఎక్కడా తెలుపు కనిపించకూడదు. అది కుదిరాకే ఎర్ర పాదాల ముక్కల్ని రన్నర్ నుంచి తీయండి.