పాలిష్ చెక్కను పట్టిందా? వాద్యానికి వేసే ముందు ముక్క మీద పరీక్షించడం ఎలా?

2022లో పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు నాకూ కిన్నెర మీద మోజు పుట్టింది. అచ్చంపేట నుంచి వెదురు తెచ్చి ఒకటి కట్టుకున్నాను. దండికి, అంటే వేళ్లు ఆడే పొడవాటి వెదురుకు, మూడు పూతల వార్నిష్ వేస్తే అద్దంలా మెరిసింది. రెండు నెలలు తిరక్కుండానే వేళ్లు ఆడే చోట ఉల్లిపొరలా లేచి ఊడింది. తప్పు వార్నిష్‌ది కాదు. వెదురు పైతోలు మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది, దాన్ని గాజు పెంకుతో గీకి తీయకపోతే పూత నిలవదు. ఆ సంగతి ముందే తెలుసుకోవడానికి ఒక బ్లేడు, ఒక టేపు చాలు.

మొదట ముక్కలు. వాద్యం ఏ చెక్కతో చేశారో అదే చెక్క ముక్కలు కావాలి. వీణకు, మృదంగానికి పనస. డప్పు చట్రానికి వేప. హార్మోనియం పెట్టెకు టేకు. నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉంటే సరిపోతుంది. ఒక్కో చెక్కకు మూడు ముక్కలు తీసుకుని, వెనుక పెన్సిల్‌తో గుర్తు రాయండి. 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220 నంబరుతో ఆపండి (నంబరు పెరిగే కొద్దీ కాగితం నున్నన). ఇంకా నున్నగా రుద్దితే పూతకు పట్టు దొరకదు.

ఒక ముక్కకు దుమ్ము మాత్రమే దులిపి పూత వేయండి. రెండోదాన్ని అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే పూత వేయండి. మూడోదానికి మైనం తీసిన లక్క పాలిష్ (డీవ్యాక్స్‌డ్ షెల్లాక్) పలుచగా పట్టించి, దాని మీద అసలు పూత వేయండి. జిట్రేగి (రోజ్‌వుడ్), టేకు లాంటి జిడ్డు చెక్కలకు ఈ తేడా బాగా తెలుస్తుంది. జిట్రేగిలోని సహజ పదార్థాలు నూనె వార్నిష్‌ను సరిగ్గా ఆరనివ్వవు. వారం గడిచినా వేలికి అంటుతుంటే కారణం అదే కావచ్చు. ఇక భజన మందిరాల్లోని పాత డోలక్, హార్మోనియంల సంగతి వేరు. మెరుపు కోసం ఏళ్ల తరబడి కొబ్బరినూనె రుద్ది ఉంటారు, కొత్త పూతకు అంతకన్నా పెద్ద శత్రువు లేదు.

వేలికి అంటనంత మాత్రాన పూత గట్టిపడినట్టు కాదు. కనీసం వారం, నూనె వార్నిష్ అయితే రెండు వారాలు ఆగండి. వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకోగలవు. ఆరుబయట విడిగా పరచండి.

తర్వాత కోత. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు తీసుకోండి. చెక్క పోగుకు 45 డిగ్రీల వాలులో, 2 మిల్లీమీటర్ల ఎడంతో ఆరు గీతలు కోయండి. వాటికి అడ్డంగా మరో ఆరు. ప్రతి గీతా ఒక్క లాగుడులో చెక్క దాకా దిగాలి. ఇరవై ఐదు గళ్లు వస్తాయి. మెత్తని బ్రష్‌తో దులిపి, టేపు అతికించి, రబ్బరుతో గట్టిగా రుద్దండి. అయిదు నిమిషాలు దాటకముందే టేపు కొస పట్టుకుని, 60 డిగ్రీల కోణంలో, ఒక్క సెకనులో లాగేయండి. అన్ని ముక్కలకూ ఒకే టేపు చుట్ట వాడాలి.

టార్చిని పక్కగా పట్టి గళ్లు లెక్కపెట్టండి. ఒక గడి అంటే నాలుగు శాతం. ఈ కోత పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2409 కొలత ప్రకారం ఏమీ ఊడకపోతే 0, ఒక గడి పోతే 1, రెండు మూడైతే 2, నాలుగు నుంచి ఎనిమిది దాకా 3, పదహారు దాకా 4, ఆపైన 5. నేనైతే వాద్యానికి 1 దాటితే ఒప్పుకోను.

అంకె కన్నా టేపు వెనుక వైపు ఎక్కువ చెబుతుంది. పూతతో పాటు సన్నని చెక్క పోగులు ఊడి వచ్చాయా? అయితే పూత గట్టిగానే పట్టింది, లొంగింది చెక్క. పొర వెనుక గాజులా శుభ్రంగా, కింద చెక్క బోసిగా ఉంటే పట్టు లేనట్టే, తుడవడం దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. పై పూత మాత్రమే ఊడి కింది పూత మిగిలితే రెండు పూతల మధ్య గరుకు కాగితం తగలలేదని అర్థం.

ఎండకు చెక్క ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. అందుకే నెగ్గిన ముక్క మీద ఒక రాత్రి తడిగుడ్డ కప్పి, నీడన ఆరబెట్టి, పక్కనే మళ్లీ కోసి చూడండి. చేయి ఆనే భాగానికైతే ఉప్పునీటితో తడపండి, చెమట పాత్ర అదే పోషిస్తుంది. డప్పు చట్రానికి మాత్రం లక్క పాలిష్ ఎంత బాగా పట్టినా వాడను. వాయించే ముందు తోలు బిగియడానికి డప్పును మంట దగ్గర కాచుతారు, లక్క వేడికి మెత్తబడుతుంది.