ఊరి సేవల పాఠాలు – 4: ‘అవగాహన లేదు’ అని రాసి పంపినవాళ్ళకు

మూడో పాఠం చివర చిన్న పని ఒకటి ఇచ్చాను. మీ పంచాయతీ గానీ, సంఘం గానీ, స్వచ్ఛంద సంస్థ గానీ చేసే సేవల్లో ఒకదాన్ని పట్టుకుని, అందులో ఉన్న సమస్యను ఒక్క వాక్యంలో రాసి పంపమన్నాను. 31 మంది నోట్‌బుక్కు పేజీని ఫొటో తీసి పంపారు. వాటిలో 22 ‘లేదు’, ‘లేవు’, ‘లేరు’ అనే ముగిశాయి. అంగన్‌వాడీకి ప్రహరీ లేదు. గ్రంథాలయంలో కుర్చీలు లేవు. స్టాఫ్ లేరు. ఫండ్స్ లేవు. ఆ 22లో తొమ్మిదైతే ఏకంగా ‘ప్రజల్లో అవగాహన లేదు’.

ఈ రోజు లెక్కలు ఎలా తీసుకోవాలో చెప్పాలనుకున్నాను. అది వచ్చేసారి. వాక్యం సరిగా కుదరకుండా లెక్కలకు పోతే దేన్ని లెక్కపెట్టాలో తెలియదు. నేనూ పోయినసారి ‘సమస్య రాయండి’ అని చెప్పి చేతులు దులుపుకున్నాను, అది నా పొరపాటే.

ముందు మామూలు ‘లేదు’ సంగతి చూద్దాం. ప్రహరీ లేదు అని రాశారంటే ప్రహరీ కట్టాలని మీరు ముందే తేల్చేసుకున్నారు. సమస్య ఇంకా కాగితం మీదికి రానే లేదు. ఆ వాక్యం చదివిన ఎంపీడీఓ గారైనా, హైదరాబాద్ నుంచి వచ్చిన దాతైనా చేయగలిగింది ఒకటే, ఇవ్వడమో ఇవ్వకపోవడమో. కల్వకుర్తి వైపు నుంచి ఇది రాసిన చెల్లెకు ఫోన్ చేసి, ప్రహరీ లేకుంటే ఏమవుతోందమ్మా అని అడిగాను. ‘పన్నెండు గొట్టినంక ఆయా వంటకాడ ఉంటది సార్, పోరగాళ్ళు రోడ్డెక్కుతరు’ అంది. ఇదీ వాక్యం! ‘పన్నెండు నుంచి ఒంటిగంట దాకా పిల్లలను చూసే మనిషి ఉండదు, అప్పుడు వాళ్ళు రోడ్డు మీదికి వెళ్తున్నారు.’ దీనికి ప్రహరీ ఒక దారి. వాకిట్లో ఒక తడిక ఇంకో దారి. ఆ గంట ఒక తల్లి వచ్చి కూర్చోవడం మరో దారి. తడిక ఈ వారమే కట్టుకోవచ్చు. ప్రహరీ ఎస్టిమేట్ ఎప్పుడు పాసవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు.

ప్రాజెక్టులు రాసేవాళ్ళ లోకంలో ఇది పాత తగాదానే. 1969లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ కోసం లాగ్‌ఫ్రేమ్ అనే పట్టిక తయారైంది, ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాలు ఒకేచోట చూపేది. 1980లలో జర్మనీవాళ్ళు దానికి సమస్యల చెట్టు గీసే పద్ధతిని, అంటే సమస్యకు కారణాలు కింద, ఫలితాలు పైన పెట్టి చూపడాన్ని జోడించారు. కార్డుల మీద సమస్యలు రాయించి గోడకు అంటించేటప్పుడు, ఫలానాది లేదు అనే కార్డు కనబడితే మళ్ళీ రాయమంటారు. నేను ట్రెయినింగ్ తీసుకున్నప్పుడు నా కార్డులు నాలుగు వెనక్కి వచ్చాయి. కాబట్టి మామూలు ‘లేదు’ రాసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు.

కోపమంతా ఆ తొమ్మిది మంది మీదే.

‘అవగాహన లేదు’ అనే మాట ఎంత సుఖమంటే, అది రాయగానే తప్పు మన సంస్థ గడప దాటి అవతలివాళ్ళ ఇంట్లోకి పోతుంది. మన టైమింగులు సరిగానే ఉన్నాయి, మన మనుషులు సరిగానే ఉన్నారు, పాపం జనానికే తెలియదు. తర్వాత ఏం చేస్తామో కూడా ఖాయమే. అవగాహన సదస్సు. ఒక ఫ్లెక్సీ, ఒక మైకు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, వరసగా నిలబడి ఒక ఫొటో. సదస్సుకు వచ్చేది ఎవరు? ఎప్పుడూ వచ్చేవాళ్ళే.

దీనికి నేను వాడే పరీక్ష ఒకటుంది. ఈ రాత్రికి రాత్రే ఊరందరికీ అవగాహన వచ్చేసిందనుకోండి. రేపు పొద్దున మీ సేవ తీసుకోవాల్సిన మనిషి లేచి ఏం చేస్తుంది? చేయడానికి ఏమేం అడ్డం వస్తాయి?

ఒకరు ‘తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంపై అవగాహన లేదు’ అని రాశారు. అవగాహన వచ్చింది సరే. ఆ ఇల్లాలు కూరగాయల తొక్కలు ఆకుపచ్చ బుట్టలో, కవర్లు నీలం బుట్టలో వేసింది. పంచాయతీ ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ రెండు బుట్టలూ ఒకే ట్రాలీలో గుమ్మరించాడు. ఆమె గడపలో నిలబడి చూసింది. ఎల్లుండి నుంచి ఎందుకు వేరు చేస్తుంది? ఇక్కడ వాక్యం ట్రాలీ గురించి ఉండాలి.

ఇంకొకరు ‘గర్భిణులకు చెకప్‌లపై అవగాహన లేదు’ అన్నారు. అచ్చంపేట అడవి అంచున ఉండే తండా మనిషికి చెకప్ అంటే ఒక రోజు కూలి పోవడం, ఆటో కిరాయి రానూపోనూ, తీరా పోతే రక్తపరీక్ష చేసే మనిషి ఆ రోజు ఉంటాడో లేడో తెలియకపోవడం. ఇవన్నీ లెక్కేసుకునే ఆమె ఆగిపోయింది. అది అవగాహనే కదా.

నా సంగతి చెప్పకపోతే అన్యాయం. దేవరకొండ వైపు ఒక తండాలో సాయంత్రం ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్ళం. ఏటా దసరా దాటాక హాజరు పడిపోయేది. రిపోర్టులో ‘తల్లిదండ్రులకు చదువుపై అవగాహన లేదు’ అని నా చేతులతోనే రాశాను. సదస్సు పెట్టాను, ఫ్లెక్సీ కూడా కొట్టించాను. రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఏం తోచక హాజరు పట్టీని నెలలవారీగా పక్కపక్కన రాసుకున్నాను. పడిపోయిన నెలలు పత్తి ఏరే నెలలు. కొన్ని ఇళ్ళకైతే ఆ నెలల్లో తాళాలే. ఒక తల్లిని అడిగితే, ‘పిల్లను ఇంట్ల ఇడిసి చేనుకు పోతే పొద్దూకిందాక ఎవరు చూస్తరు సారూ’ అంది. పాలమూరులో వలసపోయేవాళ్ళ పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టింది ఈ ప్రశ్నకు జవాబుగానే. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కే మనిషికి చదువు విలువ మీద ఉపన్యాసం ఇచ్చి లాభం లేదు.

వాక్యం తప్పుగా రాస్తే ఎంతదూరం పోతుందో మన నల్గొండకు వేరే చెప్పనక్కర్లేదు. ‘నీళ్ళు లేవు’ అని రాసుకుంటే బోరు వస్తుంది. అది ఎండితే ఇంకా లోతు బోరు. ఎక్కువైతే పళ్ళను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ ఈ నేలలోని గ్రానైట్ రాళ్ళలోనే ఉంది, లోతు బోరు దాన్నే పైకి తోడిపోసింది. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరేననీ మన దేశ ప్రమాణం. ‘ఈ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 దాటింది, ఇన్ని ఇళ్ళవాళ్ళు ఇవే తాగుతున్నారు’ అని రాసుకుంటే ఆలోచన ఇంకో బోరు వైపు పోదు, కృష్ణ నీళ్ళ వైపు పోతుంది. 2015లో ఇంటింటికీ తాగునీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను అప్పటి మన జిల్లాలోని చౌటుప్పల్‌లో పెట్టడం ఊరికే కాదు.

మధ్యలో ఇంకో ముచ్చట కూడా ఉంది. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదివినా ‘నల్గొండ టెక్నిక్’ కనబడుతుంది. నేను తిరిగిన ఇళ్ళలో మాత్రం రోజూ అది చేసేవాళ్ళు కనబడలేదు. ఆ నీళ్ళ గుణాన్ని బట్టి పటిక కొలవాలి, ముందు జోరుగా తిప్పాలి, తర్వాత మెల్లగా తిప్పాలి, మడ్డి కిందికి దిగేదాకా ఆగాలి, తేట తీసుకోవాలి, మడ్డి దూరంగా పారబోయాలి. పొద్దున ఆరింటికల్లా చేనుకు పోయే మనిషి ఇది ఏ గంటలో చేస్తుంది? మందు మంచిదే. ఆమె పొద్దుటి పూటను ఎవరూ పక్కన కూర్చుని చూడలేదని నా అనుమానం.

అందుకే ఈ పాఠంలో అసలు పని ఇది. వెంట నడవడం. సేవ తీసుకునే ఒక మనిషి వెంట మొదటి నుంచి చివరిదాకా నడవాలి. చేతిలో నోట్‌బుక్కు, వాచీ. అనుమతి ఎలా అడగాలి, ఏం మాట్లాడాలి అనేవి మీకు తెలిసినవే, చెప్పను. గూగుల్ ఫారాలు వద్దు. ఫోన్ చేతిలో ఉంటే ఎదుటి మనిషి మాట తీరే మారిపోతుంది.

ఒక ఊళ్ళో ఆసరా పింఛన్ల రోజున నేనిలా చేశాను. ఊరివాళ్ళు మా సంస్థకు ఇచ్చిన అర్జీలో ‘పింఛన్లు ఇచ్చేచోట టెంటు లేదు, కుర్చీలు లేవు’ అని ఉంది. దాత కూడా దొరికాడు, యాభై కుర్చీలిస్తానన్నాడు. ఆగమని చెప్పి ఒక అవ్వ ఇంటి ముందు తెల్లారకముందే నిలబడ్డాను. పేజీలో ఉన్నది ఉన్నట్టు:

6:50 – ఇంటి నుంచి బయల్దేరింది. కొంగుకు కార్డు ముడేసుకుంది.
7:10 – పంచాయతీ ఆఫీసు అరుగు. అప్పటికే పాతిక మందికి పైనే. చెప్పులు వరసలో పెట్టి మనుషులు నీడకు జరిగారు.
10:20 – డబ్బులు ఇచ్చే మనిషి వచ్చాడు.
11:40 – అవ్వ వేలు పెట్టింది. పడలేదు. వేలు కొంగుకు తుడుచుకుని మళ్ళీ. పడలేదు. మూడోసారి పడింది.
11:44 – చేతిలో డబ్బులు.

అంటే సేవ నాలుగు నిమిషాలు, దాని కోసం నిరీక్షణ నాలుగున్నర గంటలు. రేపు రావచ్చు కదా అవ్వా అని అడిగితే, ‘రేపటికి పైసలు ఒడుస్తయేమో బిడ్డా’ అంది. భయం ఆ అవ్వ ఒక్కదానిది కాదు, అందరిదీ. అందుకే అందరూ మొదటి రోజే, పొద్దున్నే. కుర్చీలు వేసి ఉంటే అవే నాలుగున్నర గంటలు కూర్చుని ఎదురుచూసేవాళ్ళు.

తర్వాత చేసింది చిన్నపనే. డబ్బులు ఇచ్చే మనిషితో, కార్యదర్శితో మాట్లాడి, వచ్చే నెల నుంచి రోజుకు రెండు వార్డులు అని డప్పు చాటింపు వేయించాం. ‘పైసలు అందరికీ ఉన్నయి, ఆఖరు రోజు దాకా ఇస్తరు’ అనే ముక్క రెండుసార్లు చెప్పించాం. మొదటి నెల సగం మంది నమ్మలేదు, మళ్ళీ మొదటి రోజే వచ్చారు. మూడో నెలకు అరుగు మీద జనం పలచబడ్డారు. వేలిముద్ర సంగతి మాత్రం మాతో కాలేదు, అది అప్పటికి అలాగే ఉండిపోయింది. దాత కుర్చీలు బడికి వెళ్ళాయి.

ఇలా ఒక మార్పును చిన్నగా చేసి, చూసి, సరిచేసి మళ్ళీ చేయడాన్ని నాలుగు అక్షరాల్లో పీడీసీఏ (ప్లాన్, డూ, చెక్, యాక్ట్) అంటారు. దీంతో ముడిపడిన అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ పేరు కొందరు వినే ఉంటారు. ఆ పేర్లన్నీ ఆరో పాఠంలో చెప్తాను, ఇప్పుడు వాటి అవసరం లేదు.

ఇక అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే, తిట్టుకోకండి. పోయినసారి రాసిన సేవనే తీసుకోండి. దాన్ని వాడుకునే ఒక మనిషి వెంట ఇంటి గడప నుంచి మళ్ళీ ఇంటి గడప దాకా నడవండి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఒకటి రద్దీ రోజున, ఒకటి మామూలు రోజున. రద్దీ రోజు ఏదో తెలియకపోతే మీ ఊరి అంగడి రోజు తీసుకోండి, నేనైతే అదే చేస్తాను. నడుస్తున్నంతసేపు ‘ఎందుకు’ అని అడగొద్దు, సలహా చెప్పొద్దు, మీ సంస్థ తరఫున సంజాయిషీ అసలే వద్దు. గంట, చోటు, జరిగింది, ఈ మూడే రాయండి. ఇంటికొచ్చాక పాత వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాయండి. అందులో ఎవరు, ఎప్పుడు, ఏమవుతోంది, ఎంతసేపు లేదా ఎంతమంది అనేవి ఉండాలి. ‘లేదు’ ఉంటే నేను చదవను. ‘అవగాహన’ ఉంటే మీకు ఫోన్ వస్తుంది.

పాత వాక్యం కనిపించేలా ఒక్క గీతతోనే కొట్టేయండి, చింపి పారేయొద్దు. రెండు పేజీలూ ఆదివారం రాత్రిలోగా పంపండి. ఫొటో తీసేటప్పుడు బొటనవేలు అడ్డం రాకుండా చూసుకోండి, పోయినసారి ముగ్గురి వాక్యాల్లో సగం వేలి కిందే ఉండిపోయాయి.