ఊరి పిల్లలకు ఉచిత పఠన, సృజన కేంద్రం: ఎలా ఏర్పాటు చేయాలి?

బడి వదిలాక చీకటి పడేలోగా పిల్లలు వెళ్లి కూర్చుని, నచ్చిన పుస్తకం తీసి చదువుకోవడానికి, బొమ్మలు గీసుకోవడానికి, తమ కథలు తామే రాసుకోవడానికి పైసా అడగని చోటు ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉండాలి. తెలుగునాట ఇది కొత్త సంగతి కాదు. వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో ఒక యువజన సంఘం పూనికతో మొదలైంది. పాతూరి నాగభూషణం గారు 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపి, రేవుల దగ్గరికే పుస్తకాలు చేర్చారు. ఈనాడు అలాంటి ప్రయత్నానికి ఒక గది, రెండు మూడు వందల పుస్తకాలు, చెప్పిన రోజున చెప్పిన వేళకు తప్పక తలుపు తీసే నలుగురు మనుషులు ఉంటే చాలు. వీటిలో దొరకడం కష్టమైనది చివరిది కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా మనుషులు, వేళలు

వారానికి ఎన్ని రోజులు తెరవగలరో నలుగురూ కూర్చుని నిజాయతీగా లెక్క వేసుకోవాలి. రోజూ తెరుస్తామని చెప్పి నెల తిరగకుండా తాళం వేయడం కంటే, మంగళ, గురు, ఆదివారాల్లో రెండేసి గంటలు మాత్రమే తెరిచి, పండగ వచ్చినా వాన వచ్చినా ఆ మాట నిలబెట్టుకోవడం ఎంతో మేలు. రెండుసార్లు వచ్చి తాళం చూసి వెనుదిరిగిన పిల్లవాడు మూడోసారి రావడం అరుదు. గది తెరిచి ఉన్నంతసేపూ ఇద్దరు పెద్దలు ఉండేలా, వారిలో ఒకరు మహిళ అయ్యేలా వంతులు వేసుకోవాలి. ఒక్కరికే భారం పడితే పని ఎంతోకాలం సాగదు, పిల్లల భద్రత దృష్ట్యా కూడా అది మంచిది కాదు.

గది ఎంపిక

పంచాయతీ భవనంలో ఖాళీ గది, వాడకంలో లేని బడి గది, యువజన సంఘం కట్టడం ఏదైనా పనికివస్తుంది. కానీ గాలి వెలుతురుల కంటే ముందు చూడవలసినది ఒకటుంది: ఆ గడప ఊళ్లోని ప్రతి పిల్లా ఎవరినీ అడగకుండా దాటగలదా? గుడి మండపం, ఒక కులానికి చెందిన సంఘ భవనం, ఒక పార్టీ నాయకుడి ఇంటి వరండా ఉచితంగా దొరికినా వద్దనే నా అభిప్రాయం. అక్కడికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో బోర్డు లేకుండానే ఊరందరికీ తెలిసి ఉంటుంది. వాడకు, ఊరికి మధ్యన ఉన్న చిన్న గది, దూరాన ఉన్న పెద్ద హాలు కంటే నయం. దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి, తాగునీరు, దారిలో వీధిదీపం లేకపోతే ఎదిగిన ఆడపిల్లలను ఇంట్లోవాళ్లు పంపరు.

గది వాడుకోవడానికి పంచాయతీ నుంచి అనుమతి కాగితం తీసుకోవాలి. సమీపంలో శాఖా గ్రంథాలయం ఉందేమో తెలుసుకుని అక్కడి గ్రంథపాలకులను కలవాలి. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలై జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది కాబట్టి, పిల్లల పుస్తకాల కోసం ఆ సంస్థను అడగడంలో మొహమాటపడనక్కరలేదు. విరాళాలు వసూలు చేయదలిస్తే కనీసం ఏడుగురు సభ్యులతో 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, దాని పేరుతోనే బ్యాంకు ఖాతా తెరవాలి. మొదటి ఆరు నెలలు అది లేకుండానూ నడపవచ్చు.

పుస్తకాలు

ఊళ్లో పుస్తకాలు అడిగితే పాత గైడ్లు, కాలం చెల్లిన పాఠ్యపుస్తకాలు, అట్టలూడిన పత్రికలు కుప్పలుగా వస్తాయి. వాటితో బీరువా నిండుతుందే కాని పిల్లవాడు చేయి చాపడు. అందుచేత దాతలను పుస్తకాలకు బదులు, మీరే తయారు చేసిన జాబితాలోని పుస్తకం ధర అడగడం మంచిది. నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థల తెలుగు బొమ్మల పుస్తకాలు చాలావరకు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉన్న తెలుగు కథలను ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు కూడా.

మొదటి విడతలో సగానికి పైగా బొమ్మల పుస్తకాలే ఉండాలి. అయిదారు తరగతులకు వచ్చినా గుక్కతిప్పుకోకుండా చదవలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. పేజీకి రెండు వాక్యాలున్న పుస్తకం వారికి చిన్నతనం అనిపించకుండా అందరి మధ్యా తిరుగుతూ ఉండాలి. జంతువులు, నక్షత్రాలు, యంత్రాలు, ఆటల గురించిన పుస్తకాలు, జీవిత కథలు, రెండు భాషలు పక్కపక్కన ఉన్నవి కొన్ని చేర్చాలి. ఊళ్లో గోండీ, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లుంటే ఆ భాషల కథలు దొరికినవి తప్పక తేవాలి, దొరకనివి ఆ ఇళ్లలోని పెద్దల చేత చెప్పించి పిల్లల చేత రాయించాలి.

పుస్తకాలను తాళం వేసిన బీరువాలో పెట్టవద్దు. గోడకు రెండు మేకులు కొట్టి, పిల్లల ఎత్తుకు తాడు కట్టి, పుస్తకాన్ని మధ్యకు తెరిచి దాని మీద వేలాడదీస్తే అట్ట మీది బొమ్మ దూరం నుంచే కనబడుతుంది. మిగిలినవి నాలుగడుగులు మించని అరల్లో, చదవడానికి ఎంత తేలికో తెలిపే రంగు చుక్క అంటించి సర్దవచ్చు. నేల మీద జంపఖానాలు చాలు, కుర్చీల కోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. చెమ్మ తగలకుండా అరలను గోడకు కొద్దిగా ఎడంగా ఉంచి, ఎండిన వేపాకు వేసి, పుస్తకాలను తరచు దులపాలి. చిన్నపిల్లలు తిరిగే చోట కలరా ఉండలు వాడకూడదు.

ఇంటికి ఇవ్వడం

ప్రతి పుస్తకానికీ వరుస సంఖ్య వేసి, పేరు, రచయిత, ధర, వచ్చిన తేదీ ఒక పెద్ద రిజిస్టరులో రాయాలి. ఇంటికిచ్చే పుస్తకాలకు వేరే నోటుబుక్కు పెట్టి, తేదీ, పుస్తకం సంఖ్య, తన పేరు పిల్లవాడి చేతే రాయించాలి. డిపాజిట్టు, సభ్యత్వ రుసుము, జరిమానా వద్దేవద్దు. పది రూపాయల జరిమానా భయంతో పుస్తకం తిరిగి ఇవ్వలేక, ఆ తరువాత గదికే రావడం మానేసే పిల్లలు మొదట పేదపిల్లలే. పుస్తకం చిరిగితే తెచ్చిన పిల్లవాడినే పక్కన కూర్చోబెట్టుకుని అతికించడం నేర్పాలి. ఇందుకు మైదా జిగురు సరిపోతుంది. అయితే పురుగు పట్టకుండా పూర్వం అందులో కలిపే మైలుతుత్తం విషం కాబట్టి, అది లేకుండా ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోవాలి.

చదివి వినిపించడం

తెరిచిన ప్రతి రోజూ ఒక పావుగంట పెద్దలెవరైనా కథ చదివి వినిపించాలి. పుస్తకాన్ని చెంప పక్కన, బొమ్మ అందరికీ కనబడేలా పట్టుకుని, వాక్యం కింద వేలు జరుపుతూ చదివి, పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగి “ఇప్పుడేమవుతుందంటారు?” అని అడగాలి. కథ అయ్యాక నీతి ఏమిటని మాత్రం అడగకూడదు. ఆ ప్రశ్న రాగానే అది బడి పాఠమైపోతుంది. చదివిన పుస్తకాన్ని అరలో పెట్టకుండా జంపఖానా మీదే వదిలేస్తే, దాని కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు.

చేతిపని

చదవడానికి, చేయడానికి వేర్వేరు గదులు అక్కరలేదు. ఒకే కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి విప్పి, నడిమి మడత వెంట మధ్యనున్న రెండు గళ్ల పొడవున కత్తిరించి, తిరిగి మడిస్తే అట్టతో కలిపి ఎనిమిది పేజీల పుస్తకం తయారవుతుంది. అందులో పిల్లలు తాతమ్మ చెప్పిన కథో, ఊరి చెరువు సంగతో రాసి బొమ్మలు వేస్తే, దానికీ రిజిస్టరులో వరుస సంఖ్య వేసి అందరికీ ఇచ్చే పుస్తకాల్లో చేర్చాలి. తన పుస్తకాన్ని పక్కవీధి పిల్ల ఇంటికి తీసుకెళ్లిందని తెలిసిన పిల్లవాడిలో వచ్చే ఉత్సాహం ఏ బహుమతితోనూ రాదు.

రంగుల కోసం కొన్న డబ్బాలే ఉండాలని లేదు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది, మోదుగుపూలు మరిగిస్తే పసుపుపచ్చ దిగుతుంది. పెద్దపిల్లలైతే శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వాడే నలుపును ప్రయత్నించవచ్చు: తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు ఊరబెట్టి, కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద ఆ నీటితో గీత గీస్తే నల్లగా తేలుతుంది. ఆ నలుపు ఎలా వచ్చిందని అడిగిన పిల్లలకు వెంటనే అందించడానికి రసాయనాల గురించిన తేలిక పుస్తకం ఒకటి దగ్గర ఉంచుకోవాలి. పదిహేను రోజులకొక గోడపత్రిక నడపడం, బుర్రకథ, తోలుబొమ్మలాట తెలిసినవారిని పిలిపించి చేయించి నేర్పించడం క్రమంగా చేర్చుకోవచ్చు.

పోటీ పరీక్షల యువతకు

గది తెరిచిన కొద్ది నెలలకే గ్రూప్స్, డీఎస్సీ పరీక్షలకు చదివే యువతీ యువకులు ప్రశాంతమైన చోటు కోసం వస్తారు. వారి అవసరం నిజమైనదే, అయితే వారి నిశ్శబ్దం, పిల్లల కేరింతలు ఒకే వేళ పొసగవు. పొద్దుటి పూట, రాత్రి పూట వారికి తాళం చెవి ఇచ్చి, సాయంత్రాలు పిల్లలకే ఉంచాలి. తాళం చెవి తీసుకున్నవారు వారానికొక గంట పిల్లలతో కూర్చుని చదివించాలన్న నియమం పెడితే వంతులకు మనుషుల కొరత కూడా తీరుతుంది.

భద్రత

తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు. పిల్లల సహాయవాణి 1098 సంఖ్యను గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. ఏ పిల్లయినా తనకు జరిగిన లైంగిక వేధింపు గురించి చెబితే దాన్ని ఊళ్లో సర్దుబాటు చేయకుండా పోలీసులకు తెలపడం, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి అని పనిచేసేవారందరికీ మొదటి రోజే చెప్పాలి.

ఏటా ఒకసారి

పరీక్షలు ముగిసిన ఏప్రిల్‌లో రిజిస్టరు తీసి, పెద్దపిల్లల సాయంతో పుస్తకాలన్నీ సరిచూడాలి. ఎక్కువ మంది తీసుకెళ్లి నలిగిపోయినవి మళ్లీ కొనాలి. ఏడాదంతా ఎవరూ ముట్టనివి మరో కేంద్రానికి ఇచ్చేయాలి. డిసెంబరులో హైదరాబాదులోనో, జనవరిలో విజయవాడలోనో పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు, తల్లిదండ్రుల అనుమతితో ఇద్దరు ముగ్గురు పిల్లలను వెంట తీసుకువెళ్లి, కొనే వాటిలో కనీసం మూడో వంతు వారినే ఎంచుకోనివ్వాలి.