ఫోనులో గీత చదివేవారికి

భగవద్గీతలో ఎక్కువ శ్లోకాలు అనుష్టుప్పులే: పాదానికి 8 అక్షరాలు, పంక్తికి 16. అచ్చు పుస్తకంలో పంక్తి మొత్తం సాధారణంగా ఒకే వరుసలో ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆగాలో కన్నే చెబుతుంది. ఫోనును నిలువుగా పట్టుకుని అక్షరాలు పెద్దవి చేస్తే పంక్తి విరుగుతుంది. ‘ధర్మక్షేత్రే కురుక్షేత్రే సమవేతా’ దగ్గర వరుస తెగి ‘యుయుత్సవః’ కిందికి జారితే, నోరు కూడా అక్కడే ఆగుతుంది. ఆ ఆగడం ఒకసారి నాలుకకు పట్టిందంటే వదిలించుకోవడం చాలా కష్టం. అందుకని ఫోనును అడ్డంగా తిప్పి చదవండి. తెర త్వరగా ఆరిపోకుండా సెట్టింగుల్లో సమయం పెంచండి, పారాయణ అయ్యేదాకా ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

కొత్త అధ్యాయం కంఠస్థం చేసేటప్పుడు మాత్రం దయచేసి పుస్తకమే పట్టుకోండి. టైపు చేసిన పాఠాల్లో ఒత్తులు తరచూ తారుమారవుతాయి. ‘అథ వ్యవస్థితాన్ దృష్ట్వా’లోని ‘థ’ కడుపులో చుక్క ఉంటుంది. చిన్న తెరమీద అది కనబడక ‘అధ’ అని చదివేస్తారు. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి తెలుగు ప్రతులు తక్కువ ధరకే దొరుకుతాయి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

వెతకడానికి మాత్రం ఫోనుకు సాటిలేదు. ‘యోగక్షేమ’ అని కొడితే 2వ అధ్యాయం 45, 9వ అధ్యాయం 22 శ్లోకాలు రెండూ క్షణంలో దొరుకుతాయి. అయితే పుటలను ఫొటో తీసినట్టుండే పీడీఎఫ్‌లో ఈ వెతుకులాట సాధారణంగా కుదరదు, టైపు చేసిన ప్రతినే దించుకోండి.