మామిడి లెక్కల షీట్‌లో టోటల్ తేడా వస్తోందా? సమస్యలు - పరిష్కారాలు

చిత్తూరు, బంగారుపాళెం, దామలచెరువు మండీల్లో కాటా దగ్గర పుస్తకం ఇంకా ఉంది, కానీ పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) వేసేది మాత్రం ఎక్సెల్‌లోనే. సీజన్‌లో లోడు మీద లోడు దిగుతుంటే టోటల్ తేడా వస్తుంది. వెంటనే వినబడే మాట, "ఫార్ములా చెడిపోయిందన్నా". ఫార్ములా దానంతటది చెడిపోదు. చాలాసార్లు తప్పు ఫార్ములాలో కాదు, అది చదువుతున్న గడిలో ఉంటుంది. కాబట్టి ఫార్ములాను కెలికే ముందు గడిని చూడండి.

ఇక్కడి ఉదాహరణల్లో సి కాలమ్‌లో రకం, డి కాలమ్‌లో బరువు, ఇ కాలమ్‌లో రేటు ఉన్నాయనుకుందాం. ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో రాశాను. సిస్టంలో మాత్రం ఫంక్షన్ పేర్లు, గడి పేర్లు ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

టోటల్ సున్నా వస్తోంది, లేదా తక్కువ వస్తోంది

=సమ్(డి2:డి200) కొడితే సున్నా. విచిత్రం ఏమిటంటే =డి2+డి3 అని కొడితే సరైన జవాబే వస్తుంది. ఇది చూసి చాలామంది సమ్ ఫంక్షన్‌నే అనుమానిస్తారు.

కారణం: గడిలో కనిపించే 1250 అంకె కాదు, అంకెలా కనిపించే అక్షరాలు. వాట్సాప్ నుంచో, వేరే సాఫ్ట్‌వేర్ నుంచో కాపీ చేసి అతికించినప్పుడు ఇలా జరుగుతుంది. ప్లస్ గుర్తు పెడితే ఎక్సెల్ ఆ అక్షరాలను అంకెగా మార్చుకుని కూడుతుంది. సమ్ అలా మార్చదు, ఆ గడిని లెక్కలోకి తీసుకోకుండా దాటిపోతుంది, ఎర్రర్ కూడా చూపించదు.

గుర్తుపట్టడం తేలికే. అలైన్‌మెంట్ మార్చని గడిలో అంకె కుడివైపు ఆనుకుని ఉంటుంది, అక్షరం ఎడమవైపు. మూలలో చిన్న పచ్చ త్రికోణం ఉన్నా అనుమానించాల్సిందే. ఖాయం చేసుకోవాలంటే పక్క గడిలో =ఈజ్‌నంబర్(డి2) కొట్టండి. ఫాల్స్ వస్తే అది అక్షరమే.

పరిష్కారం: ఒక ఖాళీ గడిలో 1 కొట్టి దాన్ని కాపీ చేయండి. బరువుల కాలమ్ సెలెక్ట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై ఎంచుకోండి. ఎవరైనా "1250 కేజీలు" అని కొట్టి ఉంటే ముందు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో "కేజీలు" తీసేయాలి. కేజీలు కనబడాల్సిందే అంటే అది ఫార్మాట్ పని. కస్టమ్ ఫార్మాట్‌లో 0" కేజీలు" అని ఇస్తే కంటికి కేజీలు కనిపిస్తాయి, లోపల అంకె అంకెగానే ఉంటుంది.

ఇఫ్ అందరికీ ఒకే జవాబు ఇస్తోంది

=ఇఫ్(డి2>=5000,"పెద్ద లోడు","చిన్న లోడు") అని పెట్టారు. 850 కిలోలు తెచ్చిన రైతుకూ పెద్ద లోడు అనే వస్తోంది. మూలం పైన చెప్పిందే, కానీ ఇక్కడ ఇంకా ప్రమాదం. ఎక్సెల్ పోలికలో ఏ అక్షరమైనా ఏ అంకెకన్నా పెద్దదే. అక్షరంగా ఉన్న 850 కూడా 5000 కన్నా పెద్దదై కూర్చుంటుంది.

ఖాళీ గడిది ఇంకో తిరకాసు. పోలికలో అది సున్నాతో సమానం కాబట్టి ఇంకా కాటా పడని లోడుకూ "చిన్న లోడు" అని వచ్చేస్తుంది. దీనికి =ఇఫ్(డి2="","",ఇఫ్(డి2>=5000,"పెద్ద లోడు","చిన్న లోడు")) అని వాడండి.

మూడు శ్లాబులు ఉన్నచోట ఇంకో తప్పు జరుగుతుంది. ముందు 1000, తర్వాత 5000 అని రాస్తే రెండో షరతు దాకా లెక్క పోనే పోదు. 8000 కూడా 1000 కన్నా ఎక్కువే కదా, మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగుతూ రాయాలి. 2007 ఎక్సెల్ నుంచి ఇఫ్‌లో ఇఫ్ 64 దాకా పెట్టొచ్చు. పెట్టొచ్చు గానీ, మూడు దాటితే మీరు సెలవు పెట్టిన రోజు ఆ షీట్‌ను ఇంకెవరూ చదవలేరు. శ్లాబులను పక్కన చిన్న టేబుల్‌గా వేసి వీలుకప్ (టేబుల్‌లో వెతికి జవాబు తెచ్చే ఫంక్షన్) వాడటం నయం.

తోతాపురి టోటల్ పుస్తకంతో కలవడం లేదు

2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలుగా ధర నిర్ణయించారు. అందులో గుజ్జు ఫ్యాక్టరీల వాటా 8, ప్రభుత్వం ఇచ్చేది 4. అలాంటప్పుడు రకం వారీగా కిలోలు తప్పితే రైతుకు రావాల్సిన డబ్బే తప్పుతుంది. ప్రభుత్వం వాటా లెక్కకు =ఇఫ్(సి2="తోతాపురి",డి2*4,0), మొత్తం కిలోలకు =సమ్‌ఇఫ్(సి2:సి200,"తోతాపురి",డి2:డి200) సరిపోతాయి. సి కాలమ్ శుభ్రంగా ఉంటేనే.

ఉండదు. ఒకరు తోతాపురి అంటారు, ఇంకొకరు తోతాపూరి, మూడో ఆయన బెంగుళూరా. మండీలో ముగ్గురూ చెప్పేది ఒకే కాయ, ఎక్సెల్‌కు మూడు రకాలు. ఇది కంటికి కనబడుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. కనబడనిది పదం చివర పడిన స్పేస్. =లెన్(సి2) కొట్టి చూడండి. తోతాపురికి 8 రావాలి, ఎందుకంటే గుణింతపు గుర్తులను ఎక్సెల్ విడిగా లెక్కపెడుతుంది. 9 వచ్చిందంటే ఎక్కడో స్పేస్ దాక్కుంది. =ట్రిమ్(సి2) దాన్ని తీసేస్తుంది. ట్రిమ్ వేసినా 9 పోకపోతే అది వెబ్ పేజీల నుంచి వచ్చే వేరే రకం స్పేస్. =సబ్‌స్టిట్యూట్(సి2,చార్(160),"") తో పోతుంది.

టైం లేక "తోత*" అని నక్షత్రం పెట్టి సమ్‌ఇఫ్ నడిపించేవాళ్లున్నారు. తోతాపురి, తోతాపూరి రెండూ కలుస్తాయి, బెంగుళూరా మాత్రం బయటే ఉంటుంది. ఇఫ్‌లో అయితే నక్షత్రం అసలు పనిచేయదు, అక్కడ అది మామూలు అక్షరమే. శాశ్వత పరిష్కారం డేటా వాలిడేషన్. తోతాపురి, బేనీషా, నీలం అని లిస్ట్ ఇచ్చేస్తే ఎవరు కూర్చున్నా ఎంచుకోవడమే, కొట్టే పని ఉండదు.

పేర్లు సరిగ్గానే ఉండి టోటల్ తేడా వస్తుంటే రేంజ్‌లు చూడండి. సి2 నుంచి వెతికి డి3 నుంచి కూడమంటే సమ్‌ఇఫ్ ఎర్రర్ చూపించదు, ఒక వరుస జరిపి పక్క రైతు కిలోలు కూడేస్తుంది. రేంజ్‌ల పొడవు తేడా ఉంటే సమ్‌ఇఫ్స్ మాత్రం #వాల్యూ! చూపిస్తుంది.

మొదటి వరుస కరెక్ట్, కిందివన్నీ సున్నా

కమీషన్ శాతం హెచ్1 గడిలో ఉంది. ఫార్ములాను కిందికి లాగితే హెచ్1 కాస్తా హెచ్2, హెచ్3గా మారుతూ ఖాళీ గడులను చదువుతోంది. ఫార్ములాలో హెచ్1 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కండి, $హెచ్$1 అవుతుంది. మళ్లీ లాగండి.

రేటు వేరే రకానిది వస్తోంది

వీలుకప్ చివర ఫాల్స్ రాయలేదు. రాయకపోతే అది దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చిపెడుతుంది. శ్లాబుల టేబుల్ చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు ఉంటే అదే కావాలి, రకం పేరుకు మాత్రం వద్దు. ఫాల్స్ పెట్టాక #ఎన్/ఏ వస్తే సంతోషించండి, రేటు లిస్ట్‌లో లేని పేరు ఏదో బయటపడింది. దాన్ని ఇఫ్‌ఎర్రర్‌తో సున్నా చేసేస్తే పట్టీ అందంగా ఉంటుంది, రైతుకు డబ్బులు రావు.

జూన్ లోడ్లు మే నెలలో చేరాయి

సిస్టం తేదీ పద్ధతి అమెరికాది అయితే 05/06/2025 అని కొట్టింది మే 6 అవుతుంది. 13/06/2025కు పదమూడో నెల లేదు కాబట్టి అక్షరంగా మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు ఉంటే ఇదే జబ్బు. విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో ఇంగ్లిష్ (ఇండియా) పెట్టండి. అక్షరంగా మిగిలినవాటిని టెక్స్ట్ టు కాలమ్స్‌లో డీఎంవై (రోజు, నెల, సంవత్సరం) ఎంచుకుని మార్చొచ్చు. ఇప్పటికే మేగా మారిపోయినవి అలా తిరిగి రావు, పట్టీలు పక్కన పెట్టుకుని దిద్దాల్సిందే.

వేర్వేరు బ్యాంక్ ఖాతాలను డూప్లికేట్ అంటోంది

ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబర్ కొడితే చివరిది సున్నా అయిపోతుంది. కాబట్టి కొట్టకముందే కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాలి, తర్వాత మారిస్తే పోయిన అంకె రాదు. అలా మార్చినా, ఒక నంబర్ ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్ మళ్లీ అంకెగా చదివి, మొదటి 15 ఒకేలా ఉన్న రెండు ఖాతాలను ఒకటే అంటుంది. ఖాతా నంబర్లు జి కాలమ్‌లో ఉన్నాయనుకుంటే, =కౌంట్‌ఇఫ్(జి$2:జి$200,జి2&"*") అని రాస్తే అక్షరాలుగా పోలుస్తుంది.

#నేమ్? వస్తోంది

ఫంక్షన్ స్పెల్లింగ్ తప్పు, లేదా తోతాపురి చుట్టూ కోట్స్ లేవు. వాట్సాప్‌లో వచ్చిన ఫార్ములా అతికించారంటే కోట్స్ వంకరవి అయి ఉంటాయి. చెరిపి కీబోర్డుతో మళ్లీ కొట్టండి.

బరువు మార్చినా టోటల్ కదలడం లేదు

లెక్క మాన్యువల్ మోడ్‌లో పడింది. మొదట తెరిచిన ఫైల్ మోడ్ ఏదైతే అది ఆ తర్వాత తెరిచిన ఫైళ్లన్నిటికీ అంటుకుంటుంది. అందుకే ఎవరో పంపిన ఫైల్ తెరిచిన రోజే ఈ టెన్షన్. ఎఫ్9 నొక్కితే అప్పటికి టోటల్ మారుతుంది. తర్వాత ఫార్ములాస్ ట్యాబ్‌లో క్యాలిక్యులేషన్ ఆప్షన్స్‌ను ఆటోమేటిక్‌కు మార్చి ఫైల్ సేవ్ చేయండి.